స్త్రీల కేశపతనం: లోపలికి ఏ మందు, ఎవరికి?

నా వద్దకు వచ్చే స్త్రీలలో కొందరు ముందుగా ఒక కాగితపు పొట్లం విప్పి బల్ల మీద ఉంచుతారు. అందులో ఉండేది మందు కాదు, తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు. వారం పది రోజులు పోగుచేసి, ఉండచుట్టి తెస్తారు. "నూనెలన్నీ వాడి చూశానండీ, ఇక కడుపులోకి ఏదైనా ఇవ్వండి" అన్నది వారి కోరిక. ఒకప్పుడు జుట్టుకు మందు అంటే తలకు రాసుకునేదే. ఇప్పుడు మందుల దుకాణాలలో జుట్టు కోసమని అమ్మే మాత్రలు అరల నిండా ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగా పనిచేసేవి, కొన్ని ఏ పనీ చేయనివి, మరికొన్ని ఒకరికి మేలుచేసి వేరొకరికి కీడు చేసేవి. వాటిని గురించి, మన శాస్త్రం చెప్పిన ఆభ్యంతర ఔషధాలను గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను. నేను ఆయుర్వేద వైద్యుడిని. అల్లోపతి మాత్రలు వ్రాసి ఇవ్వడం నా పని కాదు. అయితే వాటిని వాడుతూ నా వద్దకు వచ్చేవారు ఎందరో ఉండగా, వాటి గుణదోషాలు నాకు తెలియవనడం వైద్యునికి తగదు.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

సుశ్రుతాచార్యుడు నిదానస్థానంలోని క్షుద్రరోగాధ్యాయంలో కేశపతనాన్ని వర్ణించాడు. వాతంతో కూడిన పిత్తం రోమకూపాలను చేరి వెంట్రుకలను రాల్చుతుందని, ఆపైన రక్తంతో కూడిన కఫం ఆ కూపాలను మూసివేయడం వలన వేరే వెంట్రుకలు మొలవవని దాని సారాంశం. దీనికే ఇంద్రలుప్తమనీ, ఖాలిత్యమనీ పేర్లు. తరువాతి వ్యాఖ్యాతలలో ఒక అభిప్రాయం కనిపిస్తుంది. నెలనెలా రజస్సు ద్వారా దోషం బయటికి పోతుంది కనుక స్త్రీలకు ఖాలిత్యం కలగదని. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ మాట నాకు ఎంతో సమంజసంగా తోచింది. పురుషులవలె నున్నని బట్టతల స్త్రీలకు రావడం అరుదు కనుక ప్రత్యక్షానికి కూడా సరిపోయిందనుకున్నాను.

వైద్యం ప్రారంభించిన కొన్నేళ్లకు నలభై ఏళ్ల ఉపాధ్యాయురాలు ఒకరు నా వద్దకు వచ్చారు. జడ సగానికి సన్నబడిందని ఆమె బాధ. నాడి చూసి, పిత్తాధిక్యమని నిర్ణయించి, తలకు భృంగరాజ తైలం, లోపలికి ఉసిరిక లేహ్యం ఇచ్చాను. ఆరు నెలలు ఎంతో శ్రద్ధగా వాడారు. జుట్టు రాలడం ఆగలేదు. ఒకనాడు మేడమెట్లు ఎక్కి వచ్చి, మాట్లాడలేక ఆయాసపడుతూ కూర్చున్నారు. అప్పుడు గానీ నేను ఆమె కంటి రెప్పను కిందికి లాగి చూడలేదు. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 7 గ్రాములు. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గకూడదు. విచారించగా, మూడేళ్లుగా బహిష్టు పదేసి రోజులు ఉంటోందని, "అది ఈ వయసులో అందరికీ ఉండేదే కదా" అని ఊరుకున్నానని చెప్పారు. గర్భాశయంలో గడ్డలున్నట్లు స్త్రీవైద్య నిపుణురాలి పరీక్షలో తేలింది.

రజస్సు స్త్రీని ఖాలిత్యం నుండి కాపాడుతుందన్న మాటను తలలో పెట్టుకున్న నేను, ఆ రజస్సే ఆమె రక్తాన్ని, జుట్టును హరిస్తున్నదేమోనని అడగనే లేదు. లేహ్యంలో దోషం లేదు. ప్రశ్న వేయని వైద్యునిలోనే దోషం. నాటి నుండి జుట్టు కోసం వచ్చిన ఏ స్త్రీనైనా బహిష్టు ఎన్ని రోజులకు వస్తుంది, ఎన్ని రోజులు ఉంటుంది, గత ఆరు నెలలలో జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స, ఉపవాసాలు ఏమైనా ఉన్నాయా, ప్రస్తుతం ఏ మాత్రలు మింగుతున్నారు అని అడగకుండా మందు చీటీ అందుకోను.

ఏ విధమైన రాలడం?

తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు నుండి ఆరేళ్ల వరకు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. ఆ చోటనే కొత్తది మొలుస్తుంది. కనుక రోజుకు యాభై నుండి వంద రాలడం ప్రకృతి ధర్మమే. వారానికి ఒక్కసారే తలంటుకునే వారికి ఆనాడు రాలినవన్నీ కూడి భయపెడతాయి. కాబట్టి పొట్లంలోని ఉండను బట్టి రోగాన్ని నిర్ణయించలేము. ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటున్నది. యాభై అరవై వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టుకొని మొదలు నుండి చివరికి మెల్లగా లాగాలి. ఆరు లేక అంతకు మించి ఊడివస్తే రాలడం ఉధృతంగా ఉన్నట్లు.

ఇలా తల అంతటా ఒక్కసారిగా రాలిపోయేది ఒక రకం. టైఫాయిడు, డెంగీ వంటి జ్వరాలు, కాన్పు, శస్త్రచికిత్స, బరువు తగ్గాలని తిండి మానివేయడం, తీవ్రమైన మనోవ్యథ దీనికి కారణాలు. విచిత్రమేమంటే, కారణం గడిచిన రెండు మూడు నెలలకు గానీ రాలడం మొదలుకాదు. అందువలన జ్వరానికీ దీనికీ ముడిపెట్టక, నిన్న మార్చిన షాంపూను నిందిస్తారు. కారణం తొలగితే చాలామందిలో ఆరు నెలలలో దానంతట అదే తగ్గుతుంది. టైఫాయిడు తరువాత తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చివస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని మన ఇళ్లలో నమ్మకం. మొక్కు తీర్చుకోవద్దని నేననను. అయితే ఆ జుట్టు ఇవ్వకపోయినా వచ్చేదే. గొరిగిన వెంట్రుక మొన తెగి మొద్దుగా ఉండడం వలన ముతకగా తోస్తుందే తప్ప కూపాలు కొత్తగా పుట్టవు. బాలింతలకు మూడవ నెలలో ప్రారంభమయ్యే రాలడం సాధారణంగా బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది. పాలిచ్చే తల్లి దీనికోసం ఏ మాత్రా వెదకనక్కరలేదు. పథ్యం పేరిట పప్పు, కూరలు, పెరుగు మాన్పించకుండా ఉంటే అదే ఔషధం.

రెండవ రకంలో నేలపై వెంట్రుకలు అంతగా కనబడవు. పాపిడి మాత్రం ఏటేటా వెడల్పు అవుతుంది. నుదుటి అంచు చెక్కుచెదరదు, నడినెత్తి పలచబడుతుంది. కూపాలు క్రమంగా కుంచించుకుపోయి, దట్టమైన వెంట్రుకకు బదులు నూగు మొలుస్తుంది. వంశపారంపర్యం, పురుష హార్మోనుల ప్రభావం దీనిలో చెప్పుకోదగినవి. 1977లో లుడ్విగ్ అనే వైద్యుడు దీనిని మూడు దశలుగా విభజించాడు. దీనితోపాటు గడ్డం మీద ముతక వెంట్రుకలు, మొటిమలు, నెలసరి తప్పడం ఉంటే అండాశయాల లోపాన్ని స్త్రీవైద్యులు పరీక్షించాలి.

గుండ్రంగా నాణెమంత మేర ఊడిపోయే పేనుకొరుకుడు వేరు. పేరు అలా వచ్చింది గానీ పేనుకు దానితో ఏ సంబంధమూ లేదు. శరీర రక్షణ వ్యవస్థ తన రోమకూపాలపైనే దాడిచేయడం వలన కలుగుతుంది. తల అంతా వ్యాపించిన తీవ్ర దశకు బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికాలో అనుమతి లభించింది. అంటురోగాలను తట్టుకునే శక్తిని తగ్గించే మందు కనుక అది నిపుణుల చేతి మందు. దానిని ఇక్కడ ఇంతటితో వదలుతాను.

ఇనుము, థైరాయిడు

మన మధ్యతరగతి ఇళ్లలో, తల అంతటా జుట్టు రాలే స్త్రీలలో నేను ఎక్కువగా చూసేది ఇనుము లోపం. హీమోగ్లోబిన్ సరిగా ఉన్నంత మాత్రాన ఇనుము నిల్వలు సరిగా ఉన్నట్లు కాదు. బీరువాలో సొమ్ము అయిపోయినా కొంతకాలం ఇంటి ఖర్చు సాగినట్లే ఇది కూడా. నిల్వలను తెలిపే పరీక్ష ఫెరిటిన్. అది 15 కంటే తక్కువైతే లోపం నిశ్చయం. 30 లోపు ఉన్నా నిల్వలు తరిగినట్లే చాలామంది వైద్యులు భావిస్తారు. హీమోగ్లోబిన్ తక్కువగా ఉన్నా ఇనుము నిండుగా ఉండే తలసీమియా లక్షణం గల కుటుంబాలు కూడా ఉన్నాయి. వారికి ఇనుము మాత్రలు అనవసరం. అందుకే పరీక్ష లేకుండా నెలల తరబడి మింగకూడదు.

వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రను పరగడుపున గానీ, భోజనానికి రెండు గంటల ఎడంగా గానీ, నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. మాత్ర మింగి వెంటనే కాఫీ తాగితే సగం వ్యర్థం. భోజనం ముగియగానే టీ తాగే అలవాటు కూడా ఆకుకూరలోని ఇనుమును ఒంటబట్టనీయదు. గంటసేపు ఆగాలి. విరేచనం నల్లగా కావడం చూసి భయపడవద్దు. మలబద్ధకం, వికారం ఉంటే మానివేయక, రోజు విడిచి రోజు వేసుకోవచ్చునేమో వైద్యుని అడగండి. హీమోగ్లోబిన్ సరిపడిన తరువాత కూడా నిల్వల కోసం సుమారు మూడు నెలలు కొనసాగించవలసి ఉంటుంది. ఈ మాత్రలు చూడడానికి తీపి బిళ్లలవలె ఉంటాయి. పసిపిల్లలు నాలుగైదు మింగినా ప్రమాదం కనుక పై అరలో దాచండి.

తోటకూర, మునగాకు, నువ్వులు, పప్పుధాన్యాలు నిత్యం ఉండవలసినవే. వాటిపై నిమ్మకాయ పిండుకోవడం మన వంటింటి ఉత్తమాచారం. కానీ అడుగంటిన నిల్వలను ఆకుకూర ఒక్కటే త్వరగా నింపలేదు. ఇక అధిక రక్తస్రావాన్ని ఆపకుండా ఎంత ఇనుము ఇచ్చినా చిల్లుకుండలో నీరే. ఆ ఉపాధ్యాయురాలికి గడ్డలకు చికిత్స జరిగి, ఇనుము నిండిన తరువాత జుట్టు నిలవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

థైరాయిడు మందగించినా జుట్టు పలచబడి, పొడిబారుతుంది. పరీక్షలో తేలితే దానికి ప్రత్యామ్నాయంగా నేను ఏ కషాయమూ ఇవ్వను. తైరాక్సిన్ మాత్రను తెల్లవారి పరగడుపున వేసుకోవలసిందే. దానికీ ఇనుము మాత్రకూ నాలుగు గంటల వ్యవధి ఉండాలి. రెండూ ఒకే గుటకలో మింగి, "థైరాయిడు అదుపులోకి రావడం లేదు" అని మోతాదు పెంచుకున్నవారిని చూశాను.

జుట్టును పెంచే మాత్రలు

పాపిడి వెడల్పయ్యే రకానికి నేడు ఎక్కువగా వినబడే మాత్ర మినాక్సిడిల్. దీని కథ విచిత్రమైనది. ఇది 1979లో అమెరికాలో తీవ్రమైన రక్తపోటుకు మందుగా వచ్చింది. వాడిన రోగులకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడంతో తలకు రాసే ద్రావకంగా మార్చారు. మళ్లీ ఇప్పుడు చిన్న మోతాదులో కడుపులోకి ఇస్తున్నారు. రక్తపోటుకు 10 నుండి 40 మిల్లీగ్రాములు ఇస్తే, స్త్రీల జుట్టుకు ఇచ్చేది సాధారణంగా పావు మిల్లీగ్రాము నుండి రెండున్నర వరకే. కానీ మాత్ర కేశచికిత్సకని అనుమతి పొందినది కాదు. వైద్యులు తమ విచక్షణతో ఇస్తున్నారు. ఆస్ట్రేలియాలో సింక్లెయిర్ అనే చర్మవైద్యుడు వంద మంది స్త్రీలకు పావు మిల్లీగ్రాము మినాక్సిడిల్, 25 మిల్లీగ్రాముల స్పైరనోలాక్టోన్ కలిపి ఏడాది పాటు ఇచ్చి, రాలడం తగ్గినట్లు 2018లో ప్రకటించాడు. పోల్చి చూడడానికి మందు లేని జట్టు అందులో లేదన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ మాత్ర ప్రారంభించిన తొలి వారాలలో జుట్టు మరింత రాలవచ్చు. పాతవి తోసుకొని కొత్తవి రావడమే దానికి కారణం. చాలామంది అక్కడే బెదిరి మానివేస్తారు. చెంపల మీద, చేతుల మీద నూగు పెరగడం, కాళ్ల వాపు, తల తిరగడం, గుండెదడ కలగవచ్చు. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చేవారు వాడరాదు. ఫలితం కనబడడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. మానివేస్తే వచ్చిన జుట్టు కొన్ని నెలలలో పోతుంది. ఏళ్ల తరబడి వాడగలమా అని ఆలోచించుకున్న తరువాతనే ఆరంభించాలి. పెద్ద మాత్రను ఇంట్లో చాకుతో ముక్కలు చేసుకొని మోతాదు ఊహించుకోవడం మాత్రం దుస్సాహసం.

స్పైరనోలాక్టోన్ మూత్రాన్ని జారీచేసే మందు. పురుష హార్మోను ప్రభావాన్ని కూడా అడ్డుకుంటుంది. మొటిమలు, అవాంఛిత రోమాలు కూడా ఉన్న స్త్రీకి ఉపకరిస్తుంది. నెలసరి క్రమం తప్పవచ్చు. ఇది రక్తంలో పొటాషియంను నిలిపి ఉంచుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారికి ఇందువలన గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. మన వేసవిలో రోజుకు రెండు మూడు కొబ్బరిబోండాలు తాగే అలవాటును, రక్తపోటుకు మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పును గురించి వైద్యునికి తప్పక చెప్పాలి. రెండింటిలోనూ పొటాషియం అధికం.

ఫినాస్టెరైడ్‌కు 1997లో అమెరికాలో పురుషుల బట్టతలకు అనుమతి లభించింది. ముట్లుడిగిన 137 మంది స్త్రీలకు రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఏడాది ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ మేలు కనబడలేదని 2000లో వెల్లడైంది. ఎక్కువ మోతాదులతో కొందరికి గుణం కనిపించినట్లు తరువాతి అధ్యయనాలు చెప్పాయి. కానీ గర్భంలో మగశిశువు ఉంటే ఆ శిశువు జననాంగాల నిర్మాణానికే ఈ మందు భంగం కలిగిస్తుంది. గర్భిణి విరిగిన మాత్రను తాకడం కూడా మంచిది కాదు.

ఒకసారి కొత్తగా పెళ్లయిన అమ్మాయిని అత్తగారు నా వద్దకు తీసుకొచ్చారు. జుట్టు కోసం ఏదో మాత్ర వేసుకుంటోందట. చూపించమంటే, అది భర్త బట్టతలకు వాడుకుంటున్న ఫినాస్టెరైడ్. "ఆయనకు మంచిదైనప్పుడు నాకు మాత్రం కాదా?" అని ఆ అమ్మాయి అమాయకంగా అడిగింది. పక్కనే కూర్చున్న అత్తగారు మనవడి కోసం ఏ వ్రతం చేయించాలా అని ఆలోచనలో ఉన్నారు. అదృష్టవశాత్తు అప్పటికి నెల తప్పలేదు. మాత్ర ఆనాడే ఆపించి స్త్రీవైద్యురాలి వద్దకు పంపాను. ఫినాస్టెరైడ్, స్పైరనోలాక్టోన్ వాడే స్త్రీ గర్భనిరోధం పాటించి తీరాలి. సంతానం కోరేవారు ఎంత ముందుగా ఏ మందు మానాలో వైద్యునితో నిర్ణయించుకోవాలి. ఈ మాట సిగ్గుపడి దాటవేయదగినది కాదు.

బయోటిన్ అనే విటమిన్ సంగతి వేరు. పెద్దలకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములే, అది మామూలు తిండిలోనే లభిస్తుంది. జుట్టు మాత్రలలో 10 మిల్లీగ్రాముల వరకు, అంటే అంతకు మూడు వందల రెట్లకు పైగా ఉంటుంది. లోపం లేనివారికి దీనివలన జుట్టు పెరుగుతుందనడానికి బలమైన ఆధారం లేదు. అయినా హానికరం కాదు కదా అంటారు. థైరాయిడు పరీక్షను, గుండెపోటును కనిపెట్టే రక్తపరీక్షను ఇది తప్పుదారి పట్టించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. థైరాయిడు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు మానివేయాలి. ఆసుపత్రిలో చేరితే వాడుతున్నట్లు చెప్పాలి. విటమిన్ ఎ, సెలీనియం మితిమీరితే అవే జుట్టును రాల్చుతాయి.

మన ఔషధాలు

ఉసిరిక చూర్ణం ఉదయం 3 గ్రాములు గోరువెచ్చని నీటితో, రాత్రి మలబద్ధకం ఉన్నవారు త్రిఫల చూర్ణం 3 గ్రాములు తీసుకోవచ్చు. విరేచనాలయ్యేవారు త్రిఫల వాడరాదు. గుంటగలగర ఆకును నీడన ఎండించి చేసిన చూర్ణం 3 గ్రాములు తేనెతో సేవించడం సంప్రదాయం. జీర్ణశక్తి, నిద్ర బాగుపడి జుట్టు మెరుగైన వారిని నేను చూశాను. అయినా పాపిడి వెడల్పును ఇవి తిరిగి పూడ్చగలవని నేను చెప్పను. మినాక్సిడిల్‌కు ఉన్నంత పరీక్షాబలం వీటికి లేదు. ఉసిరిక, లోహభస్మం, అతిమధురం గల ధాత్రీలోహం పాండురోగానికి యోగ్యమైనది. ఇనుమును ఉసిరికతో జతచేసిన పూర్వుల యుక్తి నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే అల్లోపతి ఇనుము మాత్రతోపాటు దీనిని కూడా వేసుకోకూడదు. నరసింహ రసాయనంలో నల్లజీడి చేరుతుంది కనుక పిత్తప్రకృతి వారు, గర్భిణులు సొంతంగా కొని తినరాదు.

చరకాచార్యుడు ఉప్పును, క్షారాన్ని అతిగా సేవించేవారికి ఖాలిత్యం కలుగుతుందని విమానస్థానంలో అన్నాడు. మూడుపూటలా ఊరగాయతో అన్నం తినే మనవారికి ఇది వినసొంపుగా ఉండదు. జుట్టు సంగతి ఎలా ఉన్నా, రక్తపోటు విషయంలో ఆయన మాట మన్నించదగినదే.

పేరు, లైసెన్సు సంఖ్య లేని "జుట్టు భస్మాలు", చేతి పొట్లాలు కొనవద్దు. ఇంటర్నెట్టులో అమ్మిన 193 ఆయుర్వేద మందులను పరీక్షించగా దాదాపు అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ కనబడినట్లు 2008లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఇది చదివి నొచ్చుకున్నవారిలో నేనూ ఒకడిని. కానీ నొచ్చుకోవడం వేరు, సీసం మింగడం వేరు.

తలపై ఎరుపు, మంట, పొట్టు, చీము ఉన్నా, ఊడినచోట కూపాల గుర్తులు కూడా లేక చర్మం నున్నగా మెరుస్తున్నా ఏ మాత్రతోనూ కాలయాపన చేయక వెంటనే చర్మవైద్యునికి చూపండి. మచ్చకట్టిన చోట మళ్లీ మొలవదు. మిగిలినవారు మందు ఆరంభించే రోజున, పగటి వెలుతురులో, పాపిడిని ఫోటో తీయించుకోండి. మూడు నెలలకు ఒకసారి అదే చోట, అదే వెలుతురులో మరొకటి తీస్తే గుణం ఉన్నదీ లేనిదీ అద్దంకంటె స్పష్టంగా తెలుస్తుంది. వైద్యుని వద్దకు వచ్చేటప్పుడు వెంట్రుకల పొట్లం తేనక్కరలేదు. ఆ ఫోటోలు, వాడుతున్న మందుల చీటీలన్నీ, గత మూడు బహిష్టుల తేదీలు వ్రాసిన కాగితం తెస్తే చాలు.